రంగంలో నేర్చింది

1932 డిసెంబరు 12, సోమవారం మధ్యాహ్నం, ఏలూరులోని ఒక మిషన్ ఆడపిల్లల బడిలో రత్నమాణిక్యం పియానో వాయించింది. విన్నవాళ్ళలో ఆమె మేనత్త మరియమ్మ ఉంది. మరియమ్మ పియానో వినడం అదే మొదలు. వాయించడం మాత్రం రెండేళ్ళుగా చూస్తూనే ఉంది.

మరియమ్మది ఆకివీడు దగ్గర, కొల్లేటి అంచున ఒక పల్లె. ఆమె అన్న యాకోబు పెళ్ళయిన ఏడాదే భార్యను తీసుకుని రంగూన్ రేవులో కూలికి వెళ్ళాడు. రంగూన్‌ను ఆ పల్లెలో అందరూ రంగం అంటారు. మాణిక్యం అక్కడే పుట్టింది. అక్కడి మిషన్ బడిలో ఒక దొరసాని దగ్గర పియానో నేర్చుకుని, పెద్దయ్యాక బయస్కోపు హాల్లో తెర కింద కూర్చుని వాయించేది. అప్పటికి సినిమా బొమ్మలకు మాటలు రాలేదు. తల్లి జ్వరంతో పోయింది. 1930లో రేవులో బర్మావాళ్ళు తెలుగు కూలీల మీద పడి కొట్టినప్పుడు యాకోబు చనిపోయాడు. మాణిక్యం ఒక ట్రంకు పెట్టెతో కాకినాడలో ఓడ దిగి, ఎన్నడూ చూడని మేనత్త ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది.

ఊళ్ళో ఆమెకు రంగం దొరసాని అని పేరు పెట్టారు. బిందె చంకనెత్తుకోవడం రాదని నవ్వారు. మాణిక్యం ఎవరికీ బదులు చెప్పేది కాదు. సాయంత్రం పాత తలుపు చెక్క ఒకటి ఒళ్ళో పెట్టుకుని, దాని మీద బొగ్గుతో పియానో మెట్లలా గీతలు గీసి, వేళ్ళు ఆడించేది. టకటకమని చెక్క చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించేది కాదు. తండ్రి పోయిన దిగులుతో పిల్లకు మతి చలించిందని మరియమ్మ పాస్టరు గారి చేత ప్రార్థన చేయించింది. తర్వాత అలవాటు పడింది. గీతలు చెరిగిపోతే తనే గీసేది. తెల్లవాటికి సున్నం, నల్లవాటికి బొగ్గు.

నిరుడు కోతల్లో కొడవలి మాణిక్యం చూపుడువేలు కోసింది. ఎముక దాకా దిగలేదు గనక వేలు మిగిలింది. ఈసారి కోతలు దగ్గర పడ్డాక, ఆ ఊరి నుంచే వెళ్ళి ఏలూరు బడిలో పనిచేసే రూతమ్మ టీచరు కబురు పెట్టింది. బడిలో పియానో ఉంది, వాయించే దొరసాని తన దేశం వెళ్ళిపోయింది, పాట నేర్పే మనిషి కావాలి. ఆ పని దొరికితే పిల్ల వేళ్ళు దక్కుతాయి. దొరక్కపోతే మళ్ళీ కొడవలి పట్టక తప్పదు. మరియమ్మ లెక్క అంతే.

తెల్లవారకముందే ఇద్దరూ పడవ ఎక్కారు. కొల్లేరు మధ్యకు వచ్చేసరికి పొద్దు పొడిచింది. పడవ తోసే గెడ చప్పుడుకు తుంగలోంచి గూడబాతులు లేచాయి. ఒక గుంపు వెనక ఇంకో గుంపు, ఆకాశం కనిపించనంత. పడవవాడు కూడా గెడ ఆపి చూశాడు. మాణిక్యం వేళ్ళు పడవ అంచు మీద కదలడం మరియమ్మ గమనించింది.

బడి మేనేజరు ఎజ్రా ఆ ఏడే కడప వైపు నుంచి బదిలీ మీద వచ్చాడు. ఓడెక్కి కూలికి వెళ్ళడం ఆ వైపు వాళ్ళు ఎరగరు. పిల్లకు పియానో ఎక్కడ వచ్చిందని అడిగాడు. మేనకోడలు నోరు విప్పదేమోనని మరియమ్మే అందుకుంది.

"రంగంలోనండి."

ఎజ్రా కలం కింద పెట్టాడు. "రంగం మీదనా?"

"మీదేంటండి, రంగంలోనే. పుట్టింది రంగంలో, పెరిగింది రంగంలో. దీని తల్లి కూడా రంగంలోనే పోయిందండి."

"తల్లి కూడానా?"

"మా పేటలో సగం మంది రంగంలోనే బతికారండి, పొట్ట గడవాలి కదా. మా ఆయన కూడా బయల్దేరాడు గానీ నేనే పోనివ్వలేదు."

ఎజ్రా కాగితం పక్కకు జరిపాడు. "మీ కష్టం నాకు అర్థమయింది తల్లీ. కానీ నాటకాల వాళ్ళను ఆడపిల్లల బడిలో పెట్టుకునేదానికి కాదు."

నాటకాల మాట ఎవరెత్తారో మరియమ్మకు అర్థం కాలేదు. ఇద్దరూ వరండాలోకి వచ్చారు. రూతమ్మ టీచరు ఎదురొచ్చి సంగతి అడిగింది. మరియమ్మ జరిగింది జరిగినట్టు చెప్పింది. రూతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూ మెట్టు మీద కూలబడింది, తర్వాత లేచి లోపలికి వెళ్ళింది.

ఈసారి ఎజ్రాయే బయటికి వచ్చాడు. "రంగూన్ అని చెప్పొచ్చు కదమ్మా" అన్నాడు.

"అదే కదండీ చెప్పింది" అంది మరియమ్మ.

ఆయన నవ్వాడు. మాణిక్యం వైపు తిరిగి, అక్కడ ఏ చర్చిలో వాయించేదానివని అడిగాడు. ఏదో ఒక చర్చి పేరు చెబితే అయిపోతుందని మరియమ్మ కళ్ళతోనే సైగ చేసింది.

"చర్చిలో కాదండి" అంది మాణిక్యం. "బయస్కోపు హాల్లో."

రూతమ్మ తల దించుకుంది. మరియమ్మకు ఇంటి చూరులో దోపిన కొడవలి గుర్తొచ్చింది.

"బయస్కోపులో ఏం వాయిస్తారు?" అన్నాడు ఎజ్రా.

"తెర మీద ఏది కనిపిస్తే అదండి. వానొస్తే వాన."

"ఇక్కడ తెర లేదే."

"పొద్దున కొల్లేరు చూశానండి."

ఎజ్రా తాళంచెవి తెప్పించాడు.

పియానో మీద దుప్పటి కప్పి ఉంది. వానాకాలం చెమ్మకు కొన్ని మెట్లు ఉబ్బి, నొక్కితే పైకి లేవడం లేదు. మాణిక్యం వాటిని ఒక్కొక్కటీ నొక్కి చూసి, ఏవి పలకవో తెలుసుకుని, బెంచీ జరుపుకుని కూర్చుంది.

మొదటి చప్పుడు మరియమ్మకు చెవి కన్నా ముందు అరికాళ్ళకు తగిలింది. నేలలోంచి వచ్చింది. ఆగి, మళ్ళీ వచ్చింది. మూడోసారికి అది గెడ దిగే చప్పుడని పోల్చుకుంది. గెడ వెనకే నీళ్ళు కదిలాయి. తర్వాత మాణిక్యం కుడిచెయ్యి చివరికంటా పరిగెత్తింది. ఆ పరుగు మరియమ్మకు తెలుసు. పొయ్యి దగ్గర కూర్చుని చెక్క మీద ఎన్నోసార్లు చూసింది. ఇప్పుడు దానికి గొంతు వచ్చింది. పక్షులు లేచాయి. మరియమ్మ తలెత్తి దూలాల వైపు చూసింది. పక్కన రూతమ్మ కూడా చూసింది.

తరగతుల్లోంచి పిల్లలు వచ్చి కిటికీల దగ్గర నిలబడ్డారు. వాళ్ళను వెనక్కి పొమ్మని ఎవరూ అనలేదు. ఎజ్రా చిన్నపిల్లల బల్ల మీద కూర్చుని ఉన్నాడు.

"రోజూ ఇదేనా" అంది మరియమ్మ. "మా ఇంట్లో రోజూ ఇదేనా మోగింది."

మాణిక్యం వినలేదు. వాయిస్తూనే ఉంది.

బయస్కోపు సంగతి కమిటీకి తానే చెబుతానని ఎజ్రా అన్నాడు, చెప్పాడు. కమిటీలో ఇద్దరు కాదన్నారు, మిగిలిన వాళ్ళు సరేనన్నారు. కోతలు మొదలైనప్పుడు మరియమ్మ ఒక్కతే చేలోకి వెళ్ళింది. జనవరిలో రత్నమాణిక్యం సంగీతం టీచరుగా చేరింది.

బడిలో పియానో ఒక్కటే. అందుకని వడ్రంగి చేత చెక్కలు కోయించి, పిల్లల ఒళ్ళో తలా ఒకటి పెట్టారు. వాటికి సున్నం, బొగ్గు పూసింది మరియమ్మ.