కమలకుమారి చదివింపులు

చమ్కీల గౌను సబ్బునీళ్లలో నానుతోంది. కమలకుమారి దాన్ని బండమీద బాదదు. బాదితే మెరుపంతా రాలిపోయి, సాయంత్రం బారువ అమ్మవారి సంబరంలో గోనెసంచి గెంతినట్టుంటుంది. పసిపిల్ల తల రుద్దినట్టు మునివేళ్లతో రుద్దుతుంది. జీడిమామిడి నీడలో బకెట్టు తళతళలాడుతుంటే, అందులోకి దిగి అటునుంచటే సముద్రంలోకి వెళ్లిపోవచ్చనిపిస్తుంది ఆమెకి.

పలాస నుంచి ఇచ్ఛాపురం దాకా ఆ గౌనుని ఎరగని ఊరు లేదు. ఆవిడ నడుం తిప్పితే టెక్కలి స్టేషన్లో రైలు కూత మరిచి నిలబడిపోయిందట. గొంతెత్తితే ఉద్దానం కొబ్బరిచెట్లన్నీ అటే వంగాయట. ఇప్పటికీ వంగే ఉన్నాయి, నమ్మనివాళ్లు వెళ్లి చూసుకోవచ్చు.

పోస్టరు మీద మాత్రం 'సన్యాసిరావు మ్యూజికల్ నైట్' అని ఉంటుంది. సన్యాసిరావు ఆమె మొగుడు, మేనత్త కొడుకు. కీబోర్డు వాయిస్తాడు. పాట కట్టేది, బాణీ కుదిర్చేది, ఆడపిల్లలకి అడుగులు నేర్పేది, గౌన్లు ఉతికేది, ట్రూపు మొత్తానికీ ఉప్మా వండేది కమలకుమారి. "నువ్వేటి సేత్తన్నావే, నాలుగు గెంతులు గెంతడం తప్ప?" అంటాడు మొగుడు. "ఆ రంగు కడుక్కుని పొయ్యి ముట్టించు. నా ఇంట్లో నువ్వు డాన్సరువి కాదు" అంటుంది అత్త. నిజమే. ఇంట్లో డాన్సరు కాదు, స్టేజీ మీద ఇల్లాలు కాదు. మరి తనెప్పుడు తనలా ఉంటుంది? ఆడపిల్లలు తెరవెనక గౌన్లు మార్చుకునే ఆ కాస్త ఖాళీలో. అప్పుడు మైకు ఆమెది. అప్పుడు నూకయ్య పాట పాడుతుంది.

నూకయ్య ఆమె అన్న, కొబ్బరికాయలు దింపేవాడు. కిడ్నీలు పాడై, డయాలసిస్ మంచం మీద పడుకుని, "ఎందుకొచ్చిందే సెల్లీ ఇది?" అని అడిగి పోయాడు. ఉద్దానంలో ఇంటింటికీ ఈ జబ్బు ఎందుకొస్తోందో ఆమెకి తేల్చి చెప్పినవాళ్లు లేరు. ఆ ప్రశ్నకే బాణీ కట్టింది. జీడి కార్ఖానాల్లో ఆడవాళ్లు ఆ పాట పాడుకుంటూనే పప్పు ఒలుస్తారు. కిడ్నీ రోగుల ధర్నా టెంటులో పాడితే పోలీసులు కూడా తలలూపారు, ఆ తరవాతే మైకు లాక్కున్నారు. పాడుతున్నంతసేపూ కింద స్టేజీ ఉన్నట్టు తెలియదు ఆమెకి. చెట్టు చిటారున అన్న కూర్చుని ఉంటాడు, కాళ్లూపుకుంటూ.

సన్యాసిరావు వచ్చి బకెట్టు పక్కన నిలబడ్డాడు.

"కమలీ, ఈ సంబరం సైర్మన్ గారి ఖర్చు. ఆయనే ముందు కూకుంటారు. నూకయ్య పాట గానీ పాడేవంటే ఇంక ఏ ఊరోళ్లూ మనకి స్టేజీ ఇవ్వరు. ఆడు, సదివింపులు సదువు. ఇంకొక్క ముక్క వద్దు."

"సదివింపులు సదవొచ్చా, బావా?"

"బలేదానివే! అవి సదవకపోతే ట్రూపెలా నడుస్తదే?"

చదివింపంటే, ఆట మధ్యలో ఎవరేమిచ్చినా పేరూ, ఇచ్చిందీ మైకులో చదవడం. చదవగానే కీబోర్డు మీద టింగుటింగుమని ఒక బిట్టు మోగాలి. మోగకపోతే ఇచ్చినవాళ్లకి అవమానం. చదివింపుల మధ్యలో లేచిపోతే, లేచినవాళ్లకి అవమానం.

పొద్దువాలే వేళకి బారువ సముద్రం కూడా చమ్కీల గౌను తొడుక్కుంది. మొదటి డాన్సు అయింది. ఆడపిల్లలు తెరవెనక్కి వెళ్లారు. కమలకుమారి మైకు అందుకుంది. మొగుడు కళ్లతోనే బెదిరించాడు.

"చైర్మన్ గారు, అమ్మవారికి పట్టుచీర" అని చదివింది. టింగుటింగు. చైర్మన్ మీసం దువ్వుకున్నాడు.

"కొబ్బరికాయలు దింపే నూకయ్య గారు, రెండు కిడ్నీలు."

సన్యాసిరావు వేళ్లు అలవాటుకొద్దీ టింగుటింగుమన్నాయి. ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు సగంలోనే చచ్చిపోయింది.

జనంలోంచి ఒక ముసలమ్మ లేచింది. "మా యువరాజుది కూడా సదువమ్మా. ఆడూ రెండూ ఇచ్చేసినాడు."

"యువరాజు గారు, రెండు కిడ్నీలు."

"మా కామేశుది..."

"మా ఆయనది, అమ్మా, మా ఆయనది..."

ప్రతి పేరుకీ కీబోర్డు మోగింది. మోగించకపోతే జనం ఊరుకునేలా లేరు. చైర్మన్ లేవబోయి, ఇవి చదివింపులని గుర్తొచ్చి మళ్లీ కూలబడ్డాడు. సముద్రం నాలుగడుగులు ముందుకొచ్చి చెవి ఒగ్గిందంటారు బారువవాళ్లు. కమలకుమారికి మాత్రం చెట్లే కనిపించాయి. చెట్టు చెట్టుకీ చిటారున ఒక మనిషి, కాళ్లూపుకుంటూ.

"ఆపెయ్యే! ఇంక నీకు స్టేజీ నేదు" పళ్లబిగువున అన్నాడు సన్యాసిరావు.

"ఇంకొక్కటుంది" అందామె, మైకులోనే. "కమలకుమారి గారు. పాటలు, బాణీలు, అడుగులు, గౌన్ల ఉతుకు, ట్రూపుకి ఉప్మా. ఇన్నేళ్లలో ఎవరూ చదవనివి."

బిట్టు మోగలేదు. సన్యాసిరావు వేళ్లు గాల్లోనే ఉండిపోయాయి. జనమంతా ఆ వేళ్లకేసే చూస్తున్నారు.

"వాయించు బావా" అంది కమలకుమారి, బకెట్టులో గౌను రుద్దినంత మెత్తగా. "రేపట్నించి పోస్టరు మీద నా పేరే ఉంటది. కీబోర్డుకి నువ్వొత్తావో, ఇంకెవర్నన్నా సూసుకోవాలో, ఇక్కడే తేల్చీ. పేరు సదివేక వాయించాల కాదేటి?"