ఫోల్డర్ మీద మణికుమార్ పేరు

తెర మీద ఒకటే మాట: స్టేల్ ఫైల్ హ్యాండిల్.

పటమటలోని ఆ రొయ్యల ల్యాబ్‌లో పరీక్ష రిపోర్టులన్నీ లోపలి గదిలోని సర్వర్లో ఉంటాయి. బయటి కంప్యూటర్లు నెట్‌వర్క్ మీదుగా ఆ ఫోల్డర్‌ని తమ సొంతంలాగే తెరుస్తాయి. ఇవాళ ఒక్కటీ తెరవడం లేదు. నువ్వు పట్టుకున్న ఫోల్డర్ ఇప్పుడు లేదు అంటున్నాయి.

ల్యాబ్ కంప్యూటర్ల బాధ్యత చూసే శివాజీ వెళ్ళి సర్వర్లో చూశాడు. ఉంది. అదే పేరు, అదే చోటు, రిపోర్టులన్నీ లోపలే. కేబుళ్ళు బాగున్నాయి, సర్వర్ పలుకుతోంది. ఉన్నదాన్ని లేదంటున్నాయంటే మధ్యలో ఎవరో చెయ్యి పెట్టారు.

ముందు గదిలో కైకలూరు నుంచి వచ్చిన రైతు రత్తయ్య గొంతు పెంచాడు. "ఏమండోయ్, మా నీళ్ళ రిపోర్టు ఈ జన్మలో ఇస్తారా? ఇచ్చేసరికి చెరువు ఎండిపోయేట్టుంది!"

శివాజీ సర్వర్లో ఆ ఫోల్డర్ వివరాలు తెరిచి చూశాడు. పుట్టింది ఈ ఉదయం, ల్యాబ్ తెరవకముందు. సొంతదారు: మణికుమార్.

అతనికి కోపం రాలేదు. ఒక రకమైన హాయి కలిగింది. కొన్నాళ్ళుగా తన అసిస్టెంటు మణికుమార్ మెట్ల మీద నిలబడి గుసగుసగా ఫోన్ మాట్లాడుతున్నాడు. బెంజ్ సర్కిల్ దగ్గర కొత్త ల్యాబ్ పెట్టినవాళ్ళు పిలుస్తున్నారని వినికిడి. అనుమానాన్ని ఒంటరిగా మోయడం కష్టం. ఇప్పుడు దానికి తోడుగా రుజువు దొరికింది.

యజమానురాలు కనకదుర్గ గారి గదికి వెళ్ళి చెప్పాడు. "లోపలివాళ్ళ పనే మేడమ్. ఫోల్డర్ మీద మణి పేరుంది."

ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "ఉప్పు తిన్న ఇంటికే? సరే, ఇవాళే పంపించేస్తా. ముందు రిపోర్టుల సంగతి చూడండి."

శాంపిల్ సీసాల పెట్టె మోసుకుంటూ మణికుమార్ అప్పుడే లోపలికొచ్చాడు. "ఏమైందండీ, అందరూ అలా ఉన్నారు?"

"నీకే తెలియాలి," అన్నాడు శివాజీ.

"నాకేం తెలుస్తుందండీ? తెల్లారకముందే కంకిపాడు చెరువుల మీదికి పోయాను."

అడక్కుండానే ఎక్కడున్నాడో చెప్తున్నాడు, అనుకున్నాడు శివాజీ. చెప్పకపోయి ఉంటే, దాస్తున్నాడు అనుకునేవాడు. ఆ సంగతి తనకే తట్టింది. తట్టినా అనుమానం కదల్లేదు.

ఇంకేమైనా దొరుకుతుందేమోనని మళ్ళీ సర్వర్ గదికి వెళ్ళాడు. కీబోర్డు మీద, డిలీట్ మీట పక్కన, పసుపు మరక. సర్వర్ పెట్టె నుదుటన చిన్న కుంకుమ బొట్టు.

ల్యాబ్‌లో రిజిస్టర్లు రాసే రోజుల్లో, కొత్త పంట మొదలైతే కనకదుర్గ గారు మంచి ఘడియ చూసి, కొత్త పుస్తకం మూలలకి పసుపు రాసి తెరిచేవారు. ఇప్పుడు రిజిస్టర్లు లేవు.

పసుపు ఇంకా తడిగానే ఉంది. బొటనవేలితో ఒక్కసారి రుద్దితే పోతుంది. వేలు అక్కడిదాకా వెళ్ళింది కూడా. మణికుమార్ నిర్దోషి అని తేలినందుకు తనకి కలిగింది సంతోషం కాదని ఆ వేలిని చూస్తే తెలిసింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఆవిడ గదికి వెళ్ళేసరికి మణికుమార్ ఆవిడ ఎదుట నిలబడి ఉన్నాడు. "నేనేం చేశానో చెప్పి పంపించండి మేడమ్," అంటున్నాడు.

"అతను కాదు," అన్నాడు శివాజీ. "పొద్దున్న ఫోల్డర్ మార్చింది మీరేనా మేడమ్?"

ఆవిడ ముఖం కందింది. "మార్చడమేంటి? వర్జ్యం రాకముందే పాతదాన్ని వేరే డిస్కులోకి తీసి, ఇక్కడ చెరిపేసి, కొత్తది తెరిచాను. రిపోర్టులన్నీ మళ్ళీ అందులోనే పెట్టానుగా. పేరూ అదేగా?"

"బయటి కంప్యూటర్లు పేరు చూడవండీ. ఫోల్డర్‌కి సర్వర్ ఇచ్చిన గుర్తుని పట్టుకుంటాయి. పాత గుర్తు పోయింది. ఒకసారి విడదీసి మళ్ళీ కలిపితే సరిపోతుంది."

"మరి వీడి పేరెందుకు పడింది?"

"నిన్న మణి లాగిన్ మూయకుండా వెళ్ళాడు. దాంట్లో ఎవరేం చేసినా అతని పేరే పడుతుంది. ఒక్క మాట ముందు చెప్పాల్సింది మేడమ్."

"చెబితే మీరు నవ్వరూ, కంప్యూటర్‌కి ముహూర్తమేంటని?" ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని మణికుమార్‌ని చూసింది. "నాకు నీ పేరు చెప్పింది ఈయనేనయ్యా. నేను ఊహించి అన్నది కాదు."

మణికుమార్ శివాజీ వైపు తిరిగాడు. "ఇందాక రాగానే మీ ఎదురుగానే నిలబడ్డానుగా. నన్నే అడగొచ్చుగా సార్?"

ఎప్పుడూ శివాజీ గారూ అని పిలిచేవాడు.

ఇద్దరూ సర్వర్ గదికి నడిచారు. మణికుమార్ తన లాగిన్ మూసి, పాస్‌వర్డ్ మార్చడానికి కూర్చున్నాడు. శివాజీ వెనకే నిలబడ్డాడు. మణికుమార్ ఎడమ చెయ్యి కీబోర్డుకి అడ్డం పెట్టుకుని, ఒక్కో అక్షరమే నెమ్మదిగా కొట్టాడు.