తొమ్మిదికి బంద్

అల్లుడు పంపిన మెసేజిని పైడిరాజు కళ్లజోడు పెట్టుకుని ఒకసారి, తీసేసి ఒకసారి చదివాడు. బిలాస్‌పూర్‌లోనే పుట్టి పెరిగిన రవిచంద్రకి తెలుగు నోటికొచ్చుగానీ చేతికి రాదు. ఇంగ్లీషు అక్షరాలతో కొట్టేస్తాడు.

"ఆదివారం ఏడుకి రిసెప్షన్. తొమ్మిదికి బంద్."

"ఏటే అప్పయమ్మా, ఇది రిసెప్షనా, రేషన్ షాపా? తొమ్మిదికి షట్టర్ దించీడానికి!"

"మళ్లీ అనుమానమేనా?" అంది భార్య, వంకాయలు తరుగుతూ.

అనుమానం పైడిరాజుకి అల్లుడికన్నా ముందొచ్చిన అల్లుడు. ఎప్పుడో ఇల్లరికం వచ్చేసి కదలడం లేదు. అయితే ఈసారి కారణముంది. కూతురు స్వాతి పెళ్లి సింహాచలంలో జరిగింది. రైల్వే లోకో షెడ్డులో తనతో ఏళ్లతరబడి చెయ్యి కలిపినవాళ్లలో ఒక్కడికీ సెలవు దొరకలేదు. 'రిసెప్షన్లో కడుపునిండా పెడతాను' అని వాళ్లకి మాటిచ్చాడు. వాళ్లేమో రెండో షిఫ్టు, డ్యూటీ దిగేది పదికి. రిసెప్షన్ ఇచ్చేదేమో మగపెళ్లివారు. వియ్యంకుడు నాగభూషణం బొగ్గు కంపెనీలో ఆఫీసరు.

"బొగ్గు తవ్వించేవోడికి మా మసి పనికిరాదేటి? షెడ్డోళ్లంటే చెడ్డోళ్లనుకున్నాడే! వాళ్ల బంధువులకి విందు, మావోళ్లకి బందు!"

"ఆయన్నే అడగొచ్చు గదా?"

"అడిగితే, అనుమానపడ్డాననుకోడూ?"

అందుకని అడగలేదు. తిన్నగా షెడ్డుకెళ్లి, ఎటో చూస్తూ, "మీరు రావొద్దురా, ఇంకోరోజు మా క్వార్టర్లో పెడతాను" అని మిత్రుడు సన్యాసిరావుతో చెప్పేశాడు. సన్యాసిరావు "అచ్ఛా" అన్నాడు. ఆ అచ్ఛాలో అచ్ఛా ఏమీ లేదు.

ఆదివారం పొద్దున్న ఊళ్లోనే తోర్వా పేటలోని ఫంక్షన్ హాల్లో ఏర్పాట్లు చూడ్డానికి వెళ్లాడు. చూపంతా నిఘాయే. కుర్చీలు తక్కువగా కనిపించాయి. కావాలనే అనుకున్నాడు. తర్వాత ఎక్కువగా కనిపించాయి. అదీ కావాలనే అనుకున్నాడు.

"ఏం బావగారూ, కుర్చీల కింద ఏమన్న పోయిందా?" అంటూ వచ్చాడు నాగభూషణం.

"పోబోతున్నాది మా పరువండి! తొమ్మిదికి బంద్ అంటే మా షెడ్డోళ్లు ఎప్పుడు తినాల?"

"బంద్ ఏంది?"

పైడిరాజు ఫోను చూపించాడు. నాగభూషణం చదివి పొట్ట పట్టుకుని నవ్వాడు.

"గిది బంద్ కాదు బావగారూ, బ్యాండ్! దుర్గ్ నుంచి బ్యాండోళ్లు తొమ్మిదికి వస్తున్నరు. ఇంగ్లీషుల రెంటికీ అవే అక్షరాలు గదా!"

"మరి ముగిసేదెప్పుడు?"

"మీవోళ్లు పదికి దిగుతరని స్వాతి చెప్పింది. వాళ్లు తిన్నంకనే పొయ్యి ఆర్పాలె అని వంటోళ్లకు చెప్పిన."

బ్యాండు పైడిరాజు గుండెల్లో అప్పుడే మొదలైంది. రావొద్దని చెప్పేశాడే! స్కూటరెక్కి, రెండో షిఫ్టు లోపలికి వెళ్లే వేళకి షెడ్డు గేటు దగ్గర సన్యాసిరావుకి అడ్డం నిలబడ్డాడు.

"నువ్వూ మనోళ్లూ రాత్రికి రావాల్రా!"

"మొన్న రావొద్దన్నావు, నేడు రమ్మంటున్నావు. ఏటి బావా, ప్లేట్లు మిగిలిపోనాయేటి?"

"కాదురా! బంద్ కాదు, బ్యాండు!"

"బ్యాండు బందా?"

"ఓరి సన్యాసీ! మీరు తిన్నాకే పొయ్యి ఆర్పిస్తాడట మా వియ్యంకుడు."

సన్యాసిరావు కళ్లు చిన్నవి చేశాడు. "ఆఫీసరుకి మా మీద అంత ప్రేమేటి?"

పైడిరాజు తప్పుపట్టలేదు. తనైనా అదే అడిగేవాడు.

"సరే, వస్తాం. కానీ మా బంతిలో ముందు నువ్వు కూకోవాల. నువ్వు తింటే మేం తింటాం."

"పెళ్లికూతురి తండ్రినిరా, వడ్డించాలి గదా!"

"అదిగో, తప్పించుకుంటున్నాడు."

"తింటానురా! ఏది వడ్డిస్తే అది, మీ కళ్లముందే తింటాను!"

సన్యాసిరావు అతన్ని కింద నుంచి పైదాకా చూసి, గేటులోకి వెళుతున్నవాళ్లని కేకేశాడు.

"ఒరేయ్, పైడిరాజు రాత్రికి భోజనానికి పిలుస్తున్నాడ్రా! అందరం వెళ్దాం. అన్నం డబ్బాలు మాత్రం సగం తినీండి, ఎందుకైనా మంచిది!"