తిరిగొచ్చే ముద్ర

ఇమ్మిగ్రేషన్ ఆఫీసుకి ఎదురుగా, రోడ్డుకి ఇవతల, నీలం రేకుల కింద ఉన్న కొట్టు నాది. జిరాక్సులు తీస్తాను, ఫోటోలు తీస్తాను, తెల్లవాళ్ళకి ఫారాలు నింపి పెడతాను. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఇదే పని. లోపల కుర్చీల్లో కూర్చునే ఆఫీసర్లు బదిలీల మీద వస్తూ పోతూ ఉంటారు, నేను మాత్రం ఇక్కడే ఉన్నాను. ఏ ఫారానికి ఏ కాగితం జత చెయ్యాలో, ఎక్కడ సంతకం లేకపోతే వెనక్కి పంపుతారో వాళ్ళకంటే నాకే బాగా తెలుసు. ఇది గొప్పకి చెప్పుకోవడం లేదు. అంతా తెలిసీ నోరు మూసుకున్నదాన్ని నేనే కాబట్టి ముందే చెప్పేస్తున్నాను.

తెల్లవాళ్ళలో ఎక్కువమందిని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. నిక్కర్లేసుకుని వస్తారు, బల్ల గుద్దుతారు, "ఇదెక్కడి రూలు" అని అరుస్తారు. గొంతు లేపినవాడి ఫైలు అడుక్కి పోతుందని వాళ్ళకి ఎన్నేళ్ళయినా తెలిసిరాదు. ప్రెబెన్ అలాంటివాడు కాదు. డెన్మార్క్ నుంచి వచ్చాడు, ఓడల్లో కరెంటు పని చేసి రిటైరైన మనిషి. లావోస్ సరిహద్దు నది ఒడ్డున ఉన్న మా నోంగ్ ఖాయ్‌లో దిగి ఇరవై రెండేళ్ళు దాటింది, వయసు డెబ్భై నాలుగు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, చెప్పులు బయట విడిచి, పిలిచేదాకా కూర్చునేవాడు. మా ఊరి కంఫా అక్కని చేసుకున్నాడు కాబట్టి నాకు బావ.

తొంభై రోజులకోసారి ఫలానా ఇంట్లోనే ఉంటున్నానని చెప్పుకోవడానికి వచ్చేవాడు. నేను ఊరుకునేదాన్ని కాదు.

"ఏం బావా, ఇంకా బతికే ఉన్నావా?"

"ఉండక చస్తానా? నేను పోతే నీ కొట్టుకి గిరాకీ ఏది, మరదలా?"

"నీ ఒక్క జిరాక్సుతోనే మేడ కట్టాను మరి."

"కట్టు, కట్టు. పై అంతస్తు నాకు అద్దెకివ్వు. మీ అక్క గెంటేస్తే వచ్చి ఉంటా."

ఆ అక్క ఆయన్ని గెంటే స్థితిలో లేదు. నాలుగేళ్ళ కిందట పక్షవాతం వచ్చి కుడివైపు మొత్తం పడిపోయింది. మాట కూడా పోయింది. పిల్లల్లేరు. నీళ్ళు పోయడం, బట్టలు మార్చడం, జావ తాగించడం, రాత్రి రెండుసార్లు లేచి పక్కకి తిప్పడం, అన్నీ ఆయనే. ఇంకెవరు తినిపించినా అక్క పళ్ళు బిగబట్టేది, ఆయన చెయ్యి చూస్తేనే నోరు తెరిచేది. మా ఊరి ఆడవాళ్ళందరికీ ఆయన పేరు చెప్పి మొగుళ్ళని దెప్పడం అలవాటైపోయింది.

ఇక్కడ రెండు సంగతులు చెప్పాలి. ఒకటి, వాళ్ళ పెళ్ళి. చేతులకి దారాలు కట్టి, ఊరందరికీ భోజనాలు పెట్టి చేసిన పెళ్ళే. కానీ జిల్లా ఆఫీసులో రాయించలేదు. ఆ రోజుల్లో విదేశీయుణ్ణి పెళ్ళాడిన ఆడది భూమి కొనడానికి వీల్లేదు, ఇల్లు కట్టుకోవాలంటే అక్క కాగితాల్లో పెళ్ళికానిదిగానే ఉండాలి. తర్వాత ఆ రూలు మారింది, వీళ్ళకి పెళ్ళి రాయించడం గుర్తు రాలేదు. రెండోది, ఆయన ఉండే అనుమతి. బాగా పాతకాలంలో వచ్చి, ఏడాది ఏడాదికీ తెగకుండా పొడిగించుకుంటూ ఉన్నవాళ్ళకి షరతులు తేలిక. ఆయన పింఛను అందుకు సరిపోయేది. ఒక్కసారి తెగిందా, నిన్నగాక మొన్న దిగినవాడితో సమానం. కొత్తవాళ్ళ షరతుకి ఆయన పింఛను సగం కూడా రాదు.

తెగడం ఎలాగంటే, దేశం దాటే ముందు పాస్‌పోర్టులో తిరిగొచ్చే ముద్ర వేయించుకోవాలి. అది లేకుండా గీత దాటితే ఉన్న అనుమతి అక్కడితో రద్దు. బావ ఏటా ఆ ముద్ర వేయించుకునేవాడు. అక్క మంచాన పడ్డాక ఆయన దేశం కాదుకదా, జిల్లా దాటలేదు. ఎందుకులే అని నేనే ఆ ఫారం నింపడం మానేశాను.

ఫిబ్రవరిలో ఒక శుక్రవారం, నదికి అవతల లావోస్‌లో ఉండే అక్క చెల్లెలు చనిపోయింది. ఆదివారం దహనం. అక్క కదల్లేదు. వాళ్ళన్న తొంగ్‌సుక్ వచ్చి, "బావా, దాని బదులు నువ్వు రావాలి. తోబుట్టువు చేతి పువ్వు పడకుండా ఎలా కాలుస్తారు?" అన్నాడు. అక్క ఎడంచేత్తో, చితిలో వేసే గంధపుచెక్క పువ్వు తీసి బావ చేతిలో పెట్టింది. ఆ పూట ఆమెని చూసుకోవడానికి తొంగ్‌సుక్ కోడల్ని పెట్టి, నల్లబట్టలు కట్టుకుని, పదకొండుమందిమి ఒక పికప్ బండిలో బయల్దేరాం. నేనూ ఉన్నాను.

నది మీది సరిహద్దు వంతెన దగ్గర బండి దిగాం. మావాళ్ళకి సరిహద్దు కాగితం చూపిస్తే చాలు, రెండు నిమిషాల పని. విదేశీయుల వరస పక్కది. బావ ఒక్కడే అందులో నిలబడ్డాడు, ఒక చేతిలో పాస్‌పోర్టు, ఇంకో చేతిలో ఆ పువ్వు. ఆయనకి ముందు ముగ్గురున్నారు.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఆ పాస్‌పోర్టులో తిరిగొచ్చే ముద్ర లేదు.

పదడుగుల దూరం. "బావా, ఆగు" అంటే సరిపోయేది. అంటే ఏమవుతుంది? ఆదివారం, ఆఫీసు మూసి ఉంటుంది. ఆయన వెనక్కి పోవాలి. కంఫా అక్క పువ్వు ఆగిపోతుంది. అవతల బౌద్ధ సన్యాసులు దహనానికి ఒంటిగంటకని సమయం పెట్టారు. తొంగ్‌సుక్ అన్న మొహం మాడిపోతుంది. ఇంతమంది పెద్దవాళ్ళ ముందు, చావుకి పోతున్న మనిషిని పట్టుకుని నువ్వు కాగితం మర్చిపోయావని ఎలా అనను? అయినా ఇరవై రెండేళ్ళ నుంచి ఉన్నవాడు, ఎప్పుడో వేయించుకునే ఉంటాడు అని నాకు నేనే చెప్పుకున్నాను. వేయించుకోలేదని నాకంటే బాగా ఎవరికి తెలుసు? మొహమాటానికి ఒక సాకు కావాలి, దొరికింది.

కిటికీ దగ్గరికి చేరాక బావ వెనక్కి తిరిగి నా వంక చూశాడు. నేను నవ్వాను.

ఆఫీసరు ముద్ర కొట్టి పాస్‌పోర్టు తిరిగిచ్చాడు. వెళ్ళేవాణ్ణి ఆపి ఇలాంటివి అడగడం అతని పని కాదు.

దహనం బాగానే జరిగింది. సాయంత్రం వంతెన ఇవతలికొచ్చాక, బండిలో బావ పాస్‌పోర్టు తెరిచి చూసుకున్నాడు. "మరదలా, ఇదేంటి, ముప్ఫై రోజులే వేశాడు?" అన్నాడు.

"కొత్త కుర్రాడు బావా, పొరపాటు పడుంటాడు. రేపు అడుగుదాం" అన్నాను. నాలుక ఎలా తిరిగిందో ఇప్పటికీ అర్థం కాదు.

సోమవారం ఉదయం తలుపులు తియ్యగానే లోపలికి వెళ్ళాం. ఆఫీసరు వొరావిత్ మంచివాడు, బావంటే గౌరవం. కూర్చోబెట్టాడు, చల్లటి నీళ్ళిచ్చాడు, పాస్‌పోర్టు అటూ ఇటూ తిప్పి చూశాడు. మొహంలో నవ్వు అలాగే ఉంది.

"పెద్దాయనా, చూద్దాం. మీరు బెంగ పెట్టుకోకండి."

బయటికొచ్చి మెట్ల మీద చెప్పులేసుకుంటూ బావ, "చూద్దాం అన్నాడంటే అవ్వదనేగా?" అన్నాడు.

"అలా ఎందుకనుకుంటావు?"

"నీళ్ళు కూడా ఇచ్చాడు, మరదలా. అయ్యే పనైతే నీళ్ళివ్వరు."

గొడుగు మర్చిపోయానని నేను మళ్ళీ లోపలికి వెళ్ళాను. వొరావిత్ గొంతు తగ్గించి, "పిన్నీ, నువ్వు పక్కనుండగా ఇదెలా జరిగింది?" అన్నాడు. నేను గొడుగు తీసుకుని వచ్చేశాను.

మిగిలిన దారి ఒక్కటే. పెళ్ళి రాయించడం. భార్యని చూపించి అడిగితే షరతు కొంచెం తగ్గుతుంది. బావ పింఛనుకి తొంగ్‌సుక్ అన్న ఎడ్లని అమ్మి ఆ డబ్బు కలుపుతానన్నాడు. ఎంబసీ కాగితాలు తెప్పించి, తర్జుమా చేయించి, ముద్రలు కొట్టించేసరికి మూడు వారాలు గడిచాయి. ఇంకో ముప్ఫై రోజుల పొడిగింపు తీసుకున్నాం. అదే ఆఖరిది. జిల్లా ఆఫీసు నుంచి రిజిస్ట్రారుగారు దయతలచి ఇంటికే వచ్చింది. ఖాకీ యూనిఫారం, భుజాల మీద గుర్తులు, వెనక ఫైలు మోసే మనిషి.

అక్కని దిండ్లకి ఆనించి కూర్చోబెట్టాం. బావ పొద్దున్నే లేచి ఆమెకి తల దువ్వి, ఎర్రంచు పట్టు గుడ్డ కట్టాడు.

రిజిస్ట్రారుగారు మంచం పక్కన పీట మీద కూర్చుని మెల్లగా అడిగింది. "కంఫా గారూ, ఈయన్ని భర్తగా ఒప్పుకుంటున్నారా? ఔననైనా అనండి, తలైనా ఊపండి."

అక్క ఆ యూనిఫారాన్ని చూసింది. ఎడంచెయ్యి కష్టం మీద పైకి లేపి, నుదుటికి ఆనించి దణ్ణం పెట్టింది. మా కాలపు పల్లెటూరి మనిషి, గవర్నమెంటువాళ్ళు గుమ్మంలోకి వస్తే చేసేది అదే.

"దణ్ణం కాదమ్మా. ఈయన మీ ఆయనేనా?"

అక్క మళ్ళీ దణ్ణం పెట్టింది. ఈసారి తల కూడా పూర్తిగా వంచింది. ఇంతటి పెద్దావిడ వచ్చి తనతో మాట్లాడుతుంటే మంచం మీద ఎత్తులో కూర్చున్నందుకు సిగ్గుపడుతున్నట్టు, దిండ్ల మీంచి కిందికి జారబోయింది. బావ పట్టుకున్నాడు.

"ఒప్పుకోలు అంటే ఇది చాలదా మేడం?" అన్నాడు తొంగ్‌సుక్ అన్న. "మంచాన పడేదాకా వండి పెట్టింది వాడికి. ఊరంతా సాక్షి."

"నాకు తెలుసండీ. మా అమ్మనైనా నేను ఇలాగే అడగాలి. రేపెవరైనా కాదంటే నా ఉద్యోగం పోతుంది." ఆమె కళ్ళు కూడా చెమ్మగిల్లాయి. మూడోసారి అడిగింది. అక్క మూడోసారి దణ్ణం పెట్టింది. ఆమె ఏమీ రాయకుండానే ఫైలు మూసి, తిరిగి దణ్ణం పెట్టి, మేమిచ్చిన మామిడిపళ్ళు వద్దనలేక తీసుకుని వెళ్ళిపోయింది. బావ అక్క తల కిందికి వాలకుండా దిండు సర్దాడు. "బాగానే మాట్లాడావు" అన్నాడు ఆమెతో.

సందర్శకుడిలా ఏడాదికి ఒకటి రెండుసార్లు వచ్చి పోవచ్చునని వొరావిత్ చెప్పాడు. ఆ వయసులో, ఆ పింఛనుతో, ఆ మోకాళ్ళతో ఎన్నిసార్లు? డెన్మార్క్‌లో ఆయనకి ఇల్లు లేదు. ఉన్న ఒక్క తోబుట్టువు ఏనాడో పోయింది. అక్కడి ఊరివాళ్ళు వృద్ధాశ్రమంలో ఒక గది చూసి పెట్టారట. కిటికీలోంచి ఓడరేవు కనిపిస్తుందని చెప్పాడు. అంతకంటే ఏమీ చెప్పలేదు.

అక్క బాధ్యత తొంగ్‌సుక్ కోడలూ నేనూ పంచుకున్నాం. పొద్దుటి జావ నాది. ఆఖరి వారమంతా బావ నాకు నేర్పాడు. చెంచా ఎంత నింపాలి, ఏ పక్కన పెట్టాలి, గొంతు కదిలేదాకా ఎలా ఆగాలి. నా చేత్తో తినదు అన్నాను. "నా చొక్కా ఒకటి వేసుకో. వాసనకి తింటుంది" అన్నాడు. నిజంగానే తింది. ఆ చొక్కాలో నిలబడి నాకు చచ్చిపోవాలనిపించింది. ఇక ఆపుకోలేకపోయాను.

"బావా, ఆ రోజు వంతెన దగ్గర నాకు గుర్తొచ్చింది. నువ్వింకా వరసలోనే ఉన్నావు."

ఆయన పెరట్లో గిన్నె కడుగుతున్నాడు. కడగడం ఆపలేదు.

"తెలుసు."

"ఎలా తెలుసు?"

"బండిలో నువ్వు పొరపాటన్నావు చూడు, అప్పుడు తెలిసింది." గిన్నె బోర్లించాడు. "కిటికీ దగ్గర నాకూ అనుమానం వచ్చింది. ఏదో మర్చిపోయాననిపించింది. మీ రూళ్ళు నాకెప్పుడు అర్థమయ్యాయి కనక? మీరెవరూ కాదని మొహం మీద చెప్పరు. అందుకని మొహాలు చూసి బతకడం నేర్చుకున్నాను. నీ మొహం చూశాను. నవ్వావు. సరే, ఫరవాలేదన్నమాట అనుకున్నాను."

"తిట్టు బావా. నీకు పుణ్యముంటుంది, తిట్టు నన్ను."

"గొంతు లేపితే ఫైలు అడుక్కి పోతుందని నేర్పింది నువ్వే కదా." నవ్వబోయాడు, నవ్వు రాలేదు. చేతులు తువ్వాలుకి చాలాసేపు తుడుచుకున్నాడు. "ఒక్క పని చెయ్యి. నేను వెళ్ళిపోతున్నానని దానికి చెప్పలేకపోయాను. రోజూ చెప్దామనుకుంటాను, జావ అయిపోతుంది. నేను వెళ్ళాక నువ్వు చెప్పు. రాను అని చెప్పు. లేకపోతే తలుపు వైపే చూస్తూ ఉంటుంది. నవ్వకుండా చెప్పు."

"చెప్తాను" అన్నాను. లోపలికి వచ్చి, నిద్రపోతున్న అక్క పాదాల దగ్గర కూర్చుని ఒట్టేశాను.

ఏప్రిల్ పన్నెండున వెళ్ళిపోయాడు. మర్నాటి నుంచి మా కొత్త సంవత్సరం పండగ, ఊరంతా నీళ్ళు చల్లుకుంటోంది. నేను బావ చొక్కా వేసుకుని, జావ గిన్నె పట్టుకుని మంచం పక్కన కూర్చున్నాను. అక్క నా చొక్కా చూసింది, నా మొహం చూసింది, తలుపు వైపు చూసింది. మళ్ళీ నా మొహం వైపు తిరిగి ఆగింది.

"బావ సంతకి వెళ్ళాడక్కా. ఇప్పుడే వచ్చేస్తాడు" అన్నాను. నవ్వాను కూడా.

అక్క నమ్మి నోరు తెరిచింది.