తెల్లచీర వేషం

ఆండాళ్‌కి టీవీలో మొదటి వేషం వచ్చేనాటికి ముప్ఫై దాటలేదు. భర్త శేషగిరి సైన్యంలో సుబేదారు. ఢిల్లీ కంటోన్మెంటు క్వార్టర్లో కాపురం. హిందీ రేడియో నాటకాల్లో ఆమె గొంతు విని, మెహ్రా అనే డైరెక్టరు కబురు పెట్టాడు. బొట్టు తుడిపించి, తెల్లచీర కట్టించి, కొడుకు శవం ముందు కూర్చోబెట్టాడు. ఆమె ఏడుస్తుంటే కెమెరామన్ కూడా కళ్లు తుడుచుకున్నాడు.

ఆ తర్వాత సీరియళ్లలో, రెండు సినిమాల్లో, మొగుడు బతికున్న వేషం ఆమెకి ఒక్కటీ రాలేదు.

ఎనభై ఏడు మొదట్లో శేషగిరి యూనిట్‌ని యుద్ధం వస్తుందేమోనని సరిహద్దుకి పంపారు. కంటోన్మెంటు స్టేషన్లో ఆడవాళ్లంతా భర్తలకి బొట్లు పెడుతున్నారు. పక్క క్వార్టరు సత్యవతి ఆండాళ్ చెయ్యి పట్టుకుంది.

"ఏమీ అనుకోకు వదినా. మా ఆయన రైలెక్కేటప్పుడు నువ్వు ఎదురు రాకు. నిజం కాదని తెలుసు. కానీ ప్రతి వారం నిన్ను అలాగే చూస్తున్నానాయె!"

ఆండాళ్ స్తంభం చాటుకి తప్పుకుంది. శేషగిరి కిటికీలోంచి తల బయటపెట్టి ఆమె కోసం వెతుకుతుండగానే రైలు కదిలింది.

మర్నాడే ఆమె మెహ్రా దగ్గరికి వెళ్లి, "నాకు ఇంకో వేషం ఇవ్వండి, ఏదైనా సరే" అంది.

మెహ్రా ఆలోచించి లాయరు వేషం ఇచ్చాడు. నల్లకోటు, ఎర్రంచు చీర, నుదుట పెద్ద బొట్టు. రెండు ఎపిసోడ్లు ఆమెకి ఊపిరాడినట్టుంది. మూడోదాని స్క్రిప్టులో లాయరు భర్త లారీ కింద పడి చనిపోతాడు.

"ఇదేంటి?"

"జనం మీ ఏడుపు కోసం చూస్తారు, ఆండాళ్‌జీ. కాదంటే ఠీక్ హై, ఇంకొకరిని పెట్టుకుంటాను. బయట మీకు వేరే వేషం ఎవరిస్తారో మీరే చూసుకోండి."

ఆమె మేకప్ గదిలో చాలాసేపు కూర్చుంది. ఇంటికి వెళ్లిపోవచ్చు. కానీ కెమెరా ముందు నిలబడినప్పుడు తప్ప తనకంటూ ఏదీ ఉన్నట్టు అనిపించదు. లేచి, బొట్టు తుడుచుకుంది.

మొదటి టేకులో ఏడవలేదు. బల్లమీది నల్లకోటు మడతపెట్టి పక్కన పెట్టింది. కెమెరామన్ కెమెరా ఆపడం మరిచిపోయాడు.

"వన్స్ మోర్! కన్నీళ్లు కావాలి!" అని అరిచాడు మెహ్రా.

చివరికి ఏడ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు.

వేసవికి సైనికులంతా క్షేమంగా తిరిగొచ్చారు. మెహ్రా మళ్లీ తెల్లచీర వేషానికే పిలిచాడు. ఆ సాయంత్రం టీవీలో భార్యని చూస్తూ చూస్తూ శేషగిరి లేచి కట్టేశాడు.

"మానేయకూడదూ?"

"మానేసి ఏం చెయ్యను, చెప్పండి?"

మర్నాడు పొద్దున స్టూడియో వ్యాను గేటు దగ్గర హారను కొట్టింది. పాలు పొంగకుండా చూడమని భర్తకి చెప్పి, ఆండాళ్ వెళ్లి ఎక్కింది.