పదివేల ఎనిమిది వర్గానికి ఒకటి తక్కువ

ఆ గురువారం కోరల్ కొబ్బరి పొడి చల్లిన కేకు ముక్కలు తెచ్చింది. బర్నీ అనే ఓడరేవు ఊరి గ్రంథాలయంలో, కిటికీ పక్క బల్ల మీద ఆమె పొట్లం విప్పుతుంటే ఎనిడ్ కుర్చీ వెనక్కి జరుపుకుంది. రెండేళ్ళుగా బిస్కెట్టు కూడా తేని మనిషి. వెళ్ళిపోయేవాళ్ళే ఇలా ఉన్నట్టుండి మంచివాళ్ళవుతారు. పెద్ద ఓడెక్కి మెల్బోర్న్ వెళ్ళిపోయిన పొద్దున ఎనిడ్ అక్క కూడా కేకు తినిపించే వెళ్ళింది.

కోరల్ బడిలో లెక్కలు చెప్పి రిటైరయింది. ఎనిడ్ ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికి రిటైరయింది. లెక్కలు ఇక్కడి పుస్తకాల్లోనే సొంతంగా నేర్చుకుంది. 10,01,60,063 ప్రధాన సంఖ్యో కాదో తేలుద్దాం రమ్మని పిలిచింది కోరలే. చిన్న ప్రధాన సంఖ్యల నుంచి మొదలుపెట్టి ఒక్కోదానితో కాగితం మీద భాగించడం, శేషం రాసుకోవడం, వారానికి పది. పదివేల పైచిలుకు దాకా చూస్తే చాలు. క్యాలిక్యులేటర్ ముట్టుకోకూడదు. పన్నెండు వందలకు పైగా అయ్యాయి, ఒక్కదానితోనూ నిశ్శేషంగా పోలేదు. ఇంకా నాలుగే చూడాలి. ఆ నాలుగూ అయితే గురువారాలూ అయిపోతాయి.

దానికి తోడు మంగళవారం నుంచి ఎనిడ్‌ను ఇంకొకటి తొలిచేస్తోంది. ఒక పుస్తకంలో చదివింది: అయిదు అయిదులు ఇరవై అయిదు, ఒకటి తీస్తే ఇరవై నాలుగు, అంటే నాలుగు ఆరులు. ఏ వర్గానికైనా అంతే. తమ సంఖ్యకు ఒకటి కలిపి చూసింది. సరిగ్గా 10,008 వర్గం. అంటే తమ సంఖ్య 10,007ను 10,009తో గుణిస్తే వచ్చేదే. ఆ రెండూ ప్రధాన సంఖ్యలే; మిగిలిన నాలుగింటిలో ఆఖరిది 10,007. లెక్కల టీచరుకు ఇది తెలియకుండా ఉంటుందా? దుప్పట్లు ఉతికినదాన్ని రెండేళ్ళు ఆడించి నవ్వుకుందా?

"9,949 నువ్వు చేస్తావా, నన్ను చెయ్యమంటావా?" అంది కోరల్.

"ఎందుకు చెయ్యడం? పోదుగా."

"చెయ్యకుండానే ఎలా తెలుసే?"

"నీకు తెలిసినట్టే. ఒకటి కలిపాను."

కోరల్ పెన్సిల్ కింద పెట్టింది. "ఎప్పుడు?"

"మంగళవారం. నీకు మొదటిరోజే తెలుసు. ఇంటికెళ్ళి ఎవరితో చెప్పి నవ్వావో మరి."

"ఇంట్లో ఎవరున్నారు, పిల్లి తప్ప? అదీ నీలాగే, దేన్నీ నమ్మదు."

"మాట తప్పించకు."

"ఏడుతో పోయే సంఖ్య తెచ్చుంటే మొదటి వారమే కోటు తొడుక్కుని వెళ్ళిపోయేదానివి. అందుకే చివరిదాకా దేనితోనూ పోనిది వెతికాను. మూడు రోజులు పట్టింది."

"మరి ఈ కేకు?"

"నాలుగే మిగిలాయిగా. ఇంక రావేమోనని."

ఎనిడ్ ఆ మొహంలోకి చాలాసేపు చూసింది. నిజమో అబద్ధమో తేలలేదు. కాగితం తిప్పి, పన్నెండంకెల సంఖ్య ఒకటి రాసి బల్ల మీద అటు తోసింది.

కోరల్ దానికి ఒకటి కలిపింది. వర్గం కాలేదు. అంకెలన్నీ కూడింది. మూడుతో పోదు. కళ్ళద్దాల పైనుంచి చూసింది.

"ఇది తేలాలంటే దాదాపు పది లక్షల దాకా వెళ్ళాలే. వారానికి పది చొప్పున నూట యాభై ఏళ్ళు."

"అయితే కబుర్లు మాని మొదలుపెట్టు."

"ముందు ఇందులో ఏం దాచావో చెప్పు."

ఎనిడ్ కేకు ముక్క ఒకటి అందుకుంది. దాచిందేమీ లేదు, చేతికొచ్చిన అంకెలు వేసింది. కోరల్ అనుమానంగా మరోసారి చూసి, ఏడుతో భాగించడం మొదలుపెట్టింది.