కనెక్టరు ఊపి చూస్తే

పదిరోజులుగా అర్షద్ కారు నడిచినట్టే నడిచి రోడ్డు మధ్యలో ఆగిపోతోంది. ఇంజిన్ కంప్యూటరే మార్చాలని ఇద్దరు మెకానిక్‌లు తేల్చేశారు. చివరికి దాన్ని సౌదీలోని అల్ ఖర్జ్‌లో కార్ల కరెంటు పని చేసే మౌలా సాహెబ్ దగ్గరికి తెచ్చాడు. ఆయనదీ, అర్షద్‌దీ ప్రొద్దుటూరే. సంగతి వినగానే ఆయన మండిపడ్డాడు.

"ముందు ఆళ్ల బుర్రలు మార్చల్ల! ఒక్కడన్నా కనెక్టర్లు ఊపి చూసినాడా?"

ఇంజిన్ నడుస్తుండగానే వైర్లను కలిపే ఒక్కో కనెక్టరునూ పట్టి మెల్లగా ఊపాడు. కంప్యూటర్‌కు వెళ్లేదాన్ని ఊపేసరికి ఇంజిన్ దగ్గి ఆగిపోయింది. టార్చి వేసి చూస్తే అక్కడి వైర్లకు ఎవరో నల్లదారం బిగించి వెండి తాయెత్తు కట్టారు. దారం లాగిన లాగుడికి ఒక వైరు పిన్ను సగం వెనక్కి వచ్చేసింది.

అర్షద్‌కు అనుమానం వచ్చింది. విజిట్ వీసా అయిపోయి పోయిన నెలే ఊరికెళ్లిన భార్య ఆరిఫాకు ఫోన్ చేసి తాయెత్తు సంగతి అడిగాడు.

"నేనే కట్టినా," అందామె. "తాయెత్తులు ఒప్పుకోని దేశం, ఎవురన్నా చూస్తే బాగుండదని నువ్వు మెడలో ఏసుకోకపోతివి. దినమంతా కారులోనే ఉంటావు గదా, దానికన్నా ఉండనీలే అనుకుంటి. ఏమన్నా చెడిపోయిందా?"

"లేదులే. బాగానే ఉండాది," అన్నాడు అర్షద్.

మౌలా సాహెబ్ దారం విప్పి, పిన్నును టక్కుమనేదాకా లోపలికి తోశాడు. మళ్లీ ఎంత ఊపినా ఇంజిన్ తొణకలేదు.

"దీన్ని యాడ కట్టల్లబ్బీ?" అన్నాడు తాయెత్తుకంటిన జిడ్డు తుడుస్తూ.

అర్షద్ చొక్కా పై గుండీ విప్పి తల వంచాడు.